ఇరవై గజాల లోపలికి

తుపాకీ చేతిలో ఉంటే జింక రెండు వందల గజాల అవతల కనిపించినా చాలు. విల్లుతో వెళ్లినవాడికి ఆ జింక లేనట్టే లెక్క. అది ఇరవై గజాల్లోకి, మహా అయితే ముప్పై గజాల్లోకి రావాలి. క్రికెట్ పిచ్ పొడవే ఇరవై రెండు గజాలు. అంత దగ్గరికి వచ్చిన జింకకు మన చెమట వాసన అందుతుంది. చొక్కా చేయి చెట్టు బెరడుకు రాసుకున్న చప్పుడూ వినిపిస్తుంది. అందుకే విల్లువేటలో బాణం వదలడం ఒక్క క్షణం పని, దానికి ముందు జింక రాకపోకలు తెలుసుకోవడం వారాల పని. అమెరికా వేటగాళ్లు దాన్ని స్కౌటింగ్ అంటారు. మన మాటల్లో వేగు చూడటం, జాడ తీయడం. విల్లువేట అసలు విద్య అదేనని నా నమ్మకం.

ఉత్తర అమెరికాలో విల్లుతో ఎక్కువగా వేటాడేది తెల్లతోక జింకను. బెదిరిందంటే తోక నిలువునా లేపి పరుగెత్తుతుంది, తోక అడుగునున్న తెలుపు పొదల్లో జెండాలా ఊగుతుంది. విస్కాన్సిన్ రాష్ట్రం 1934లో రెండు కౌంటీల్లో విల్లంబులకే ప్రత్యేకంగా వేటకాలం ప్రకటించింది. ఇప్పుడు ఆ రాష్ట్రమంతటా విల్లువేట సెప్టెంబరు మధ్యలో మొదలై జనవరి దాకా సాగుతుంది. లైసెన్సు లేనిదే అడుగు పెట్టకూడదు, ఎన్ని జింకలకు అనుమతి ఉందో అన్నింటినే వేటాడాలి, చీకటి పడితే విల్లు దించాలి.

ఈ సంప్రదాయానికి ఒక గురువు ఉన్నాడు. 1911 ఆగస్టులో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ పట్టణం శివార్లలో ఒక మనిషి ఒంటరిగా, ఆకలితో కనిపించాడు. యాహి తెగలో మిగిలిన చివరివాడు. వలస వచ్చిన తెల్లవాళ్లు 1860ల నాటికే ఆ తెగను ఊచకోత కోశారు. బతికి బయటపడిన కొద్దిమంది డీర్ క్రీక్, మిల్ క్రీక్ లోయల్లో దశాబ్దాల పాటు దాక్కుని బతికారు. ఆయన తన పేరు ఎవరికీ చెప్పలేదు. వాళ్ల భాషలో మనిషి అని అర్థమిచ్చే ‘ఇషి’ అన్న మాటే ఆయనకు పేరైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయనకు వైద్యం చేసిన సాక్స్‌టన్ పోప్ అనే సర్జన్ ఆయన దగ్గరే విల్లు చెక్కడం, జింక దగ్గరికి చేరడం నేర్చుకున్నాడు. ఇషి 1916లో క్షయతో చనిపోయాడు. పోప్ 1923లో తెచ్చిన విల్లువేట పుస్తకం అమెరికాలో ఈ వేటకు మళ్లీ ఊపిరి పోసింది.

వేటకు ముందురోజు ఇషి చేప ముట్టడు, పొగ తాగడు. తెల్లవారుజామునే లేచి వాగులో స్నానం చేస్తాడు, సువాసన ఆకులు ఒంటికి రుద్దుకుంటాడు, నోరు కడుక్కుని మంచినీళ్లు తాగి ఏమీ తినకుండా బయలుదేరతాడు. చూడటానికి వ్రత నియమంలా ఉండే ఈ పనంతా జింక ముక్కును దృష్టిలో పెట్టుకుని చేసింది. తనను తాను వీలైనంత తగ్గించుకుని అడవిలోకి వెళ్లాలన్నది ఆయన పాఠం. నూరేళ్లు దాటినా స్కౌటింగ్‌కు ఇదే మొదటి సూత్రం.

రెండో సూత్రం నేలను చదవడం. జింక గిట్ట ముద్ర రెండు పాయలుగా, మొన ముందుకు తిరిగిన గుండె ఆకారంలో ఉంటుంది. మెత్తటి బురదలోనో, పరుగులోనో వెనక రెండు చిన్న చుక్కలు కూడా పడతాయి. ముద్ర అంచులు పదునుగా ఉంటే కొత్తది, విరిగి లోపలికి రాలితే పాతది. రాత్రి వాన పడిందనుకోండి, చినుకుల గుంటల మీద పడిన అడుగు వాన వెలిసిన తర్వాతది. పెంటికలు తడిగా నిగనిగలాడుతుంటే జింక వెళ్లి ఎంతోసేపు కాలేదు. దారికి అడ్డంగా సాలెగూడు చెక్కుచెదరకుండా ఉంటే, ఆ గూడు అల్లాక అటుగా ఏదీ పోలేదు. గడ్డి మీద కోలగా నలిగిన గుంటలు పడుకున్న చోట్లు. పెద్ద గుంట పక్కన చిన్నవి ఉంటే తల్లీపిల్లలు, విడిగా ఒకే పెద్ద గుంట ఉంటే మగ జింక కావచ్చు. గిట్ట ముద్ర ఒక్కటే చూసి మగా ఆడా తేల్చేయడం తొందరపాటని అనుభవజ్ఞులు చెబుతారు.

మగ జింకలు ఇంకా గట్టి సంతకాలు చేస్తాయి. వేసవంతా కొమ్ముల మీద పెరిగిన మఖమల్ లాంటి తోలు సెప్టెంబరు మొదటికల్లా ఊడిపోతుంది. ఆ పైన కొమ్ములతో లేత చెట్ల బెరడును రాచి ఒలిచేస్తాయి. దీన్ని రబ్ అంటారు. నుదుటి గ్రంథుల వాసన ఆ ఒలిచిన చెక్కకు అంటుకుంటుంది. ఇలాంటి చెట్లు వరసగా కనిపిస్తే అది ఒక దారి. గాయం చెట్టుకు ఏ వైపు ఉందో చూస్తే జింక ఎటు నుంచి నడిచి వచ్చిందో ఊహించవచ్చు. రెండోది స్క్రేప్. వంగిన కొమ్మ కింద కాళ్లతో ఆకులు గీకేసి, నేల బయటపెట్టి, అక్కడ మూత్రం పోస్తాయి. పైనున్న కొమ్మను నోటితో, నుదుటితో రుద్దుతాయి. నలుగురు వచ్చిపోయే రచ్చబండ మీద కబురు వదిలినట్టు, ఆ చుట్టుపక్కల జింకలన్నీ ఒకదాని కబురు ఒకటి అక్కడ అందుకుంటాయి. అయితే స్క్రేప్‌ల దగ్గరికి రాకపోకలు ఎక్కువగా రాత్రిపూటే. గుర్తు ఉంది కదా అని దాని మీదే మంచె కట్టేవాడికి పగలంతా ఖాళీ నేల చూడటమే మిగులుతుంది. గుర్తు కనబడటం ఒకటి, అది పగటి గుర్తో రాత్రి గుర్తో తెలియడం మరొకటి.

ఇంత చదివినా ఆ చదువు నిలవ ఉండదు. వేటకాలంలో మళ్లీ మళ్లీ వేగు చూడాల్సి రావడానికి కారణం ఇదే. ఆగస్టులో సోయా చేలో సాయంత్రాలు కలిసి మేసిన మగ జింకల గుంపు అక్టోబరుకి చెదిరిపోతుంది. సోయా ఆకు పండగానే చేనుమీద మోజు తీరుతుంది. అదే సమయంలో ఓక్ చెట్ల కాయలు రాలడం మొదలవుతుంది. వైట్ ఓక్ కాయ ఒక్క ఏడాదిలో పక్వానికి వస్తుంది, వగరు తక్కువ, జింకలు ముందు దాని కిందికే చేరతాయి. రెడ్ ఓక్ కాయకు రెండేళ్లు పడుతుంది. వగరెక్కువ కాబట్టి చలికాలం దాకా నేల మీద మిగులుతుంది. మొక్కజొన్న నిలబడి ఉన్నంతకాలం చేనే జింకకు అడవి. కోత యంత్రం తిరిగిన మర్నాటికి దాగడానికి చోటే ఉండదు, దారులన్నీ మారిపోతాయి. నవంబరులో జతకట్టే కాలం వస్తుంది. పగటి పొద్దు తగ్గడమే దానికి సంకేతం. అప్పుడు మగ జింక తిండీ నిద్రా పట్టించుకోకుండా ఆడ జింకల వాసన వెంట తిరుగుతుంది. కాబట్టి వేటగాడు మగదాన్ని వెతకడం మానేసి ఆడ జింకలు ఎక్కడ పడుకుంటున్నాయో చూస్తాడు. జూలైలో గీసుకున్న పటం నవంబరులో పనికిరాదు.

కానీ వేటకాలంలో అడవిలోకి వేసే ప్రతి అడుగుకూ మూల్యం ఉంటుంది. చూడటానికి వెళ్లిన దారి పొడవునా మన వాసన పరుచుకుంటుంది. పెద్ద మగ జింక ఆ వాసన పసిగట్టిందంటే చాలాసార్లు ఊరు విడిచిపోదు గానీ, పగటి నడక మానేసి రాత్రికి మారుతుంది. మన కళ్లకు అది మాయమైనట్టే. అందుకే నేర్పరి ఎంత తక్కువ తొక్కితే అంత మంచిదనుకుంటాడు. మొదట దూరంగా, చేల గట్ల మీద బైనాక్యులర్‌తో సాయంత్రాలు కూర్చుంటాడు. లోపలికి వెళ్లక తప్పకపోతే జింకలు పడుకుని ఉండే మిట్టమధ్యాహ్నం, అదీ గాలి హోరెత్తే రోజో సన్నని వాన పడే రోజో ఎంచుకుంటాడు. గాలి అడుగుల చప్పుడును మింగేస్తుంది, వాన వాసనను కొంతైనా కడుగుతుంది. జింకల పడక దాకా పోడు. పడకకూ మేతకూ మధ్యనున్న ఇరుకు దారి దొరికితే అక్కడే ఆగిపోతాడు. కొండకొమ్ముల మధ్య పల్లం, రెండు తోపులను కలిపే సన్నటి చెట్ల వరస, వాగు దాటే రేవు, ఇలాంటివే ఆ ఇరుకులు. విల్లు వెంటే ఉంటుంది. తాజా గుర్తు కనబడితే ఆ పూటే చెట్టెక్కుతాడు. కొత్త చోట మొదటిసారి కూర్చున్నప్పుడే అవకాశం ఎక్కువ, జింకలకు ఇంకా తెలియదు కనుక.

ఆ చెట్టెక్కి కూర్చునే పీటను మన మంచె అనుకోవచ్చు. మన చేలో మంచె పిట్టలను అదిలించడానికి. ఇక్కడ మంచె మనిషి ఉనికిని జింక చూపు కంటే ఎత్తులో పెట్టడానికి. దాన్ని ఎక్కడ కట్టాలన్నది గాలే నిర్ణయిస్తుంది. ఉదయం ఎండ పొడిచాక నేల వేడెక్కి గాలి వాలు వెంట పైకి లేస్తుంది, సాయంత్రం చల్లబడి పల్లానికి జారుతుంది. పెద్ద మగ జింకలు తరచూ గట్టు పైభాగంలో, గాలి వెనక నుంచి వీచేలా పడుకుంటాయి. వెనక వైపు ముక్కుతో, ముందు వైపు కళ్లతో కాపలా అన్నమాట. గాలి నడక తెలుసుకోవడానికి చాలామంది జేబులో మిల్క్‌వీడ్ కాయ పెట్టుకుంటారు. అది మన జిల్లేడుకు దగ్గరి చుట్టం. కాయ పగిలితే అదే పట్టుదూది, అవే ఎగిరే గింజలు. ఒక పోగు వదిలి చూస్తే గాలి యాభై గజాల అవతల చెట్ల మధ్య ఎలా తిరిగి, ఎక్కడ కిందికి దిగుతుందో కళ్లకు కడుతుంది. చిన్నప్పుడు జిల్లేడు దూదిని ఊదుకుంటూ వెంటపడిన ప్రతి తెలుగు పిల్లాడికీ ఈ విద్యలో మొదటి పాఠం అయిపోయినట్టే.

ఇప్పుడు చెట్టుకు కట్టే కెమెరాలున్నాయి. బొమ్మను నేరుగా ఫోనుకే పంపేవీ ఉన్నాయి. అడవిని తొక్కకుండా తెలుసుకోవడానికి అవి పనికొచ్చే మాట నిజమే. అయినా వేటగాడి కళ్ల పని యంత్రానికి అప్పగించడం న్యాయమేనా అన్న చర్చ అక్కడ గట్టిగా సాగుతోంది. అరిజోనా రాష్ట్రం 2022 నుంచి వేట కోసం ఇలాంటి కెమెరాలు వాడటాన్ని నిషేధించింది. ఆ నిర్ణయం నాకు నచ్చింది. ఫలానా జింక ఫలానా వేళకు వచ్చిందని కెమెరా చెబుతుంది. ఎందుకు వచ్చిందో నేల మీద వంగి చూసినవాడికే తెలుస్తుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, అది జింక పట్ల బాధ్యత. ఆధునిక కాంపౌండ్ విల్లు నుంచి బాణం సెకనుకు సుమారు తొంభై మీటర్ల వేగంతో వెళుతుంది. ధ్వని అంతకు మూడు రెట్ల పైచిలుకు వేగంతో దాన్ని దాటిపోతుంది. ఇరవై గజాల్లో కూడా వింటినారి చప్పుడు బాణం కన్నా ముందే జింక చెవిన పడుతుంది. బెదురుతో ఉన్న జింక ఆ కాసింత వ్యవధిలోనే ఒళ్లు కుంగించి దూకబోతుంది, బాణం గురి తప్పి గాయం మాత్రం చేస్తుంది. మన ఉనికి ఎరుగని జింక, నింపాదిగా, పక్కకు తిరిగి నిలబడితేనే భుజం వెనక గుండె, ఊపిరితిత్తులకు తగిలి త్వరగా ప్రాణం పోతుంది. జాడ సరిగ్గా తీయనివాడు జింకకు లేనిపోని యాతన పెడతాడు. గురి కుదరకపోతే విల్లు దించేయడమూ ఈ విద్యలో భాగమే.

ఇక అడవికి దీనివల్ల ఒరిగేదేమిటి? 1900 ప్రాంతంలో అడ్డూఅదుపూ లేని వ్యాపార వేట వల్ల అమెరికాలో తెల్లతోక జింకలు అయిదు లక్షలకు మించి లేవని అంచనా. ఇప్పుడు సుమారు మూడు కోట్లు. కఠినమైన చట్టాలు, వేటకాలాల నియమాలు, వేటగాళ్ల డబ్బు కలిసి చేసిన పని అది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకుల మీద పన్నును వన్యప్రాణి సంరక్షణకు మళ్లించింది. 1972 సవరణతో విల్లంబులూ ఆ పన్ను కిందికి వచ్చాయి. తోడేళ్లను చాలాచోట్ల మనిషే తుడిచిపెట్టాడు కనుక, జింకల సంఖ్యను అదుపులో ఉంచే బాధ్యత కూడా మనిషి మీదే పడింది. తన విల్లు తానే చెక్కుకున్న ప్రకృతి రచయిత ఆల్డో లియోపోల్డ్ ఈ సంగతి ముందే గుర్తించాడు. యవ్వనంలో తోడేళ్లను కాల్చినందుకు పశ్చాత్తాపపడి, తోడేలు పోయిన కొండను జింకలు ఎలా బోడి చేస్తాయో రాశాడు. ఆయన పోయిన మరుసటి ఏడాది, 1949లో, ‘ఏ శాండ్ కౌంటీ అల్మనాక్’ అచ్చయింది.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత జింక వేట నేరం. అది ఉండాల్సిన చట్టమే. కానీ వేట ఆగినంత మాత్రాన జాడ తీసే విద్య అంతరించాల్సిన పనిలేదు. నల్లమలలో తరతరాలుగా విల్లంబులు పట్టిన చెంచులు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో అటవీశాఖ పక్షాన కాపలాదారులుగా పనిచేస్తున్నారు. అడుగుజాడ చూసి ఏ మృగం ఎటు పోయిందో చెప్పగల కళ్లు ఇప్పుడు పులిని కాపాడుతున్నాయి. ఇషి విద్య దాదాపు ఆయనతోనే పోవాల్సింది, ఒక్క మనిషి నేర్చుకున్నందువల్ల కొంతైనా మిగిలింది. చెంచుల విద్యకు ఆ గతి పట్టకూడదు. దాన్ని గౌరవంతో, జీతంతో, వాళ్ల పిల్లలకు అందేలా నిలబెట్టాలి.

విస్కాన్సిన్‌లో జనవరిలో వేటకాలం ముగుస్తుంది. విల్లు గోడకు తగిలించి, చాలామంది మంచులో మళ్లీ అదే అడవికి వెళతారు. ఇప్పుడు వాసన తగిలినా నష్టం లేదు, జింకలకు మరిచిపోవడానికి దాదాపు ఎనిమిది నెలల సమయం ఉంది. అక్టోబరులో ఆకుల కింద దాగిన దారులన్నీ మంచు మీద చెక్కినట్టు కనిపిస్తాయి. ఒక్కోసారి ఒక దారి తిన్నగా మంచె వైపు వచ్చి, నలభై గజాల ముందే పక్కకు తిరిగి, గాలి దిగువగా చుట్టి వెళ్లినట్టు ఉంటుంది. వేటగాడు ఆ మలుపు దగ్గర నిలబడి, జేబులోంచి పట్టుదూది పోగు తీసి వదులుతాడు. వచ్చే ఏడు ఏ చెట్టెక్కాలో అది ఎగిరే దిక్కు చెబుతుంది.