తొందర దేనికి, నిదానము దేనికి?

కాన్పు గదిలో మొదట వినవచ్చు ప్రశ్న ‘ఆడా, మగా?’ అన్నదే. అరుదుగా శిశువు బాహ్య జననాంగములను చూచి జవాబు చెప్పుట సాధ్యము కాదు. అట్టి వేళ ఏమి చేయవలెనో తెలుపుటకు అమెరికా, ఐరోపా శిశు హార్మోను వైద్య సంఘములు 2005లో చికాగోలో సమావేశమై, 2006లో ఒక ప్రకటనను వెలువరించినవి. దాని గుణదోషములను పరిశీలింతము.

ఎక్స్‌ఎక్స్ అనిన స్త్రీ, ఎక్స్‌వై అనిన పురుషుడు అని నల్లబల్లపై వ్రాసి పాఠము ముగించు మావంటి ఉపాధ్యాయులకు ఈ ప్రకటన మంచి గుణపాఠము. నిపుణులు పరీక్షింపక పూర్వము బిడ్డ ఆడయో మగయో నిర్ణయింపరాదని ఇది చెప్పినది. క్రోమోసోములు, హార్మోనులు, రక్తములోని లవణములు, అల్ట్రాసౌండు అన్నియు కలిపి చూడవలెను.

ఇందు నిజముగా తొందరపడవలసినది ఒకటి కలదు. అధివృక్క గ్రంథిలో ఒక ఎంజైము లోపించినచో ఎక్స్‌ఎక్స్ శిశువు అంగములు మగశిశువు అంగములవలె కనబడవచ్చును. ఆల్డోస్టెరోన్ కూడ కొరవడినచో సోడియము మూత్రముతో పోయి, పొటాషియము పెరిగి, ఒకటి రెండు వారములలోనే ప్రాణాపాయము కలుగును. దీనిని పట్టియిచ్చునది 17-హైడ్రాక్సీప్రొజెస్టెరోన్ పరీక్ష. మొదటి దినమున ఆరోగ్యవంతులైన శిశువులందును ఈ పదార్థము హెచ్చుగా ఉండును గనుక, 36 గంటలు గడచిన పిదప రక్తము తీయుట మేలు.

కొందరిలో ఈ భేదము యౌవనారంభమున గాని బయటపడదు. బాలిక రజస్వల కాకపోవుట, గజ్జలో హెర్నియా కనబడుట, బాలునికి స్తనములు పెరుగుట ఇట్టి సూచనలు. పదేపదే అంగములను పరీక్షించుట, ఫోటోలు తీయుట వారిని సిగ్గుతో క్రుంగదీయునని ప్రకటన హెచ్చరించుట మెచ్చదగినది.

లోపము శస్త్రచికిత్స భాగమున కలదు. రూపము సరిదిద్దుటకు మొదటి ఏట చేయు శస్త్రచికిత్స తల్లిదండ్రుల వేదనను తగ్గించునను నమ్మకమునకు క్రమబద్ధమైన ఆధారము లేదని ప్రకటన తానే ఒప్పుకొనినది. అయినను పసితనమున అట్టి చికిత్సను మానుమని చెప్పలేదు. ‘రుగ్మత’ అన్న పేరును కూడ పలువురు ఆక్షేపించి, ‘భేదము’ అనుచున్నారు.

2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు తీర్పునిచ్చిన పిమ్మట, ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వము ప్రాణాపాయమున్నప్పుడు తప్ప శిశువులకు ఇట్టి శస్త్రచికిత్సలు చేయరాదని ఉత్తరువు చేసినది. ప్రకటన చెప్పక విడిచినది ఇదియే. లవణము కోల్పోవు బిడ్డకు గంటలు లెక్క. అంగముల రూపము మాత్రము, ఆ బిడ్డ పెరిగి తన మాట తాను చెప్పువరకు ఆగగలదు.