గోడ ఎవరిది? రాత్రి ఎవరిది?

మా అమ్మ తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి ముగ్గేసేది. ధనుర్మాసంలో ఆ ముగ్గు గుమ్మం దాటి సగం వీధి దాకా పాకేది. ఎనిమిదింటికల్లా సైకిళ్ళూ, గేదెలూ, బడికెళ్ళే పిల్లలూ దాన్ని తొక్కేసేవాళ్ళు. చిన్నప్పుడు ఓసారి నేను పొయ్యిలో బొగ్గుముక్క తీసుకెళ్ళి ఎదురింటి ప్రహరీ మీద నెమలి బొమ్మ వేశాను. ఆ ఇంటాయన పెద్ద గొడవ చేశాడు. అమ్మ కొట్టలేదుగానీ, "ఆడపిల్లవి, నేల మీద వేసుకోవాలి, గోడలెక్కకూడదు" అంది. చాలా ఏళ్ళ తర్వాత 'వైల్డ్ స్టైల్' సినిమా చూస్తుంటే ఆ మాట గుర్తొచ్చింది.

చార్లీ ఎహర్న్ తీసిన ఆ సినిమా 1983లో వచ్చింది. న్యూయార్క్ సబ్‌వే రైళ్ళ మీద స్ప్రే డబ్బాలతో బొమ్మలు వేసే కుర్రాళ్ళ కథ. అందులో రోజ్ పాత్ర వేసింది లేడీ పింక్. అసలు పేరు సాండ్రా ఫబారా. 1964లో ఈక్వడార్‌లో పుట్టి న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పెరిగింది. ప్రేమించిన అబ్బాయిని అరెస్టు చేశాక ప్యూర్టోరికో పంపేస్తే, ఆ దిగులుతో 1979లో అతని పేరు గోడల మీద రాయడం మొదలుపెట్టింది. తర్వాత తన పేరుతో 1985 దాకా రైళ్ళ మీద బొమ్మలు వేసింది.

మగపిల్లాడు రాత్రిపూట రైలు యార్డులో దూరితే దాన్ని సాహసం అంటాం. అతనికీ పోలీసుల భయం, కరెంటు పట్టాల భయం ఉన్నాయి. ఆడపిల్లకి వాటితోపాటు చీకట్లో ఎదురయ్యే మగవాడి భయం కూడా ఉంది. అవన్నీ దాటొచ్చినా, ఆ బొమ్మ ఆమే వేసిందంటే నమ్మరు. ఆడపిల్లలు ఇది చెయ్యలేరన్న మాటే తనని మొండిగా ముందుకు నెట్టిందని ఆమె ఇంటర్వ్యూల్లో చెప్పింది. "ఈ కథ మీరే రాశారా, మీ ఆయన రాసిచ్చారా?" అని అడిగించుకున్న మనకి ఇదేం కొత్త కాదు కదా!

సినిమా కూడా ఆమెకి పూర్తి న్యాయం చెయ్యలేదు. కథ జోరో అనే కుర్రాడిది. రోజ్ అతన్ని వదిలి వెళ్ళిన ప్రియురాలు. చివర్లో పెద్ద వేదిక మీద ఏం వెయ్యాలో తోచక అతను తంటాలు పడుతుంటే, ఇది నీ గురించి కాదు, ఇక్కడ పాడబోయే వాళ్ళ గురించి అని దారి చూపించేది ఆమే. స్వయంగా రైళ్ళ మీద బొమ్మలు వేసిన మనిషి తెర మీద నాయకుడికి సలహా చెప్పే పాత్రగా మిగిలింది!

1984లో ఫిలడెల్ఫియాలోని మూర్ కాలేజీలో ఆమె మొదటి సోలో ప్రదర్శన జరిగింది. పేరు 'ఫెమ్ ఫటాల్స్'. 1848లో స్త్రీల కోసమే మొదలైన కళాశాల అది. ఆ రోజుల్లోనే జెన్నీ హోల్జర్ వాక్యాలకి ఈమె రంగులు జోడించి, ఇద్దరూ కలిసి కాన్వాసులు చేశారు. అధికార దుర్వినియోగం మీద హోల్జర్ రాసిన వాక్యమున్న బనియను వేసుకుని టైమ్స్ స్క్వేర్‌లో నిలబడిన లేడీ పింక్ ఫొటో 1983లో లీసా కహేన్ తీసింది. 2017లో కళారంగంలోని లైంగిక వేధింపుల మీద స్త్రీలు రాసిన బహిరంగ లేఖకి పేరు ఆ వాక్యంలోంచే వచ్చింది.

ఆమె బొమ్మలన్నీ నాకు నచ్చుతాయని చెప్పలేను. కొన్నిటిలోని స్త్రీల శరీరాలు మగవాళ్ళు గీసిన కామిక్ పుస్తకాల్లోంచి లేచొచ్చినట్టుంటాయి. ఆ చూపుని ఆమె ఎదిరిస్తోందా, అరువు తెచ్చుకుందా అని సందేహం. కానీ ఇటుకలతో కట్టిన స్త్రీలని చూసినప్పుడు ఆ సందేహం సడలింది. ఆ దేహాలే గోడలు, ఆ దేహాలే నగరం. గోడెక్కకూడదన్న చోట గోడే తానైపోయింది.

క్వీన్స్‌లో ఫైవ్ పాయింట్జ్ అనే పాత ఫ్యాక్టరీ భవనం వీధి చిత్రకారులకి పెద్ద ఆటపట్టుగా ఉండేది. 2013 నవంబరులో యజమాని రాత్రికి రాత్రి ఆ బొమ్మలన్నిటి మీదా సున్నం కొట్టించినట్టు తెల్లరంగు వేయించాడు. కోర్టుకెక్కిన 21 మంది కళాకారుల్లో ఈమె ఒకరు. 2018లో 45 బొమ్మలకి 67.5 లక్షల డాలర్ల పరిహారం ఇమ్మని తీర్పొచ్చింది. 2020లో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది. ఒకప్పుడు నేరమన్న బొమ్మని చెరపడమే తప్పయింది!

సంతోషించాను. కానీ ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. బొమ్మని ధ్వంసం కాకుండా చట్టం కాపాడాలంటే దానికి 'గుర్తింపు పొందిన స్థాయి' ఉండాలట. ఆ గుర్తింపు ఇచ్చేదెవరు? మ్యూజియాలు, విమర్శకులు, పత్రికలు. అంటే మనం కూడా. కాన్వాసు మీదున్న రంగుల గురించి రాసి, ఆ రంగు వెయ్యడానికి ఒక ఆడపిల్ల ఏ రాత్రిని దాటొచ్చిందో రాయకపోతే మన విమర్శ సగమే. రోజూ చెరిగిపోయే పనిని కళ అనకపోతే అదీ సగమే.

అమ్మ వేసిన ముగ్గు ఒక్కటి కూడా నా దగ్గర ఫొటోగా లేదు. చుక్కల లెక్క రాసుకున్న పాత నోటుపుస్తకం మాత్రం ఉంది. అట్ట మీద ఆమె పేరు లేదు, పాల లెక్క ఉంది. మొన్న ఆ లెక్క కింద ఆమె పేరు రాశాను. మీ ఇళ్ళలో కూడా అలాంటి పుస్తకాలుంటే పాతకాగితాల వాడికి వెయ్యకండి. ముందు వాటి మీద పేరు రాయండి.