చెప్పాలా, దాచాలా? తెలుగు సినిమాలో అంతిమదశ సంరక్షణ: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

నయంకాని వ్యాధి సోకిన వ్యక్తికి ఆ సంగతి చెప్పాలా, దాచాలా అన్నది తెలుగు కుటుంబాల్లో నేటికీ తెగని ప్రశ్న. దాచడం మన సంస్కృతి అనీ, చెప్పడం పాశ్చాత్యుల పద్ధతి అనీ భావించడం పరిపాటి. ‘ప్రేమాభిషేకం’ (1981), ‘మిథునం’ (2012) చిత్రాలను చైనా వలస కుటుంబ కథ అయిన ‘ది ఫేర్‌వెల్’ (2019)తో పోల్చి, ఈ విభజన ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అంతిమదశ సంరక్షణ, దాపరికం, తెలుగు సినిమా, వలస కుటుంబం, అక్కినేని.

1. ఉపోద్ఘాతం

‘ది ఫేర్‌వెల్’ చిత్రాన్ని దర్శకురాలు లులు వాంగ్ తన కుటుంబంలో జరిగిన సంఘటన ఆధారంగా తీశారు. చైనాలోని చాంగ్‌చున్ నగరంలో ఉన్న నాయనమ్మకు ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆ మాట ఆమెకు తప్ప ఇంటిల్లిపాదికీ తెలుసు. అమెరికా, జపాన్ దేశాల్లో స్థిరపడిన సంతానం మనవడి పెళ్లి నెపంతో ఆమెను కడసారి చూడడానికి వస్తారు. అమెరికాలో పెరిగిన మనవరాలు బిల్లీకి ఇది మోసంగా తోస్తుంది. పెద్దలకు మాత్రం ఇది రోగి మోయవలసిన బరువును కుటుంబం పంచుకోవడం. అయితే ఆ నాయనమ్మ ఒకప్పుడు తన భర్త విషయంలో చేసిందీ ఇదేనని చిత్రం తెలుపుతుంది. ఆ దాపరికానికి ఆమె సమ్మతి ఉందనుకోవడానికి ఉన్న ఆధారం ఇదొక్కటే. ఈ చిన్న వివరమే చిత్రానికి నైతికబలం.

2. ‘ప్రేమాభిషేకం’: దిశ మారిన దాపరికం

దాసరి నారాయణరావు దర్శకత్వంలో అన్నపూర్ణ స్టూడియోస్ నిర్మించిన ‘ప్రేమాభిషేకం’లో దాచేది కుటుంబం కాదు, రోగి. తనకు క్యాన్సర్ అని తెలిసిన రాజేశ్ (అక్కినేని నాగేశ్వరరావు), ప్రేమించిన దేవి (శ్రీదేవి) తనను ద్వేషించాలని వేశ్య అయిన జయంతి (జయసుధ) చెంత చేరి చెడిపోయినట్లు నటిస్తాడు. ప్రేక్షకలోకం దీన్ని త్యాగంగా స్వీకరించి చిత్రానికి ఘనవిజయం చేకూర్చింది.

ఆ త్యాగాన్ని దేవి పక్షాన నిలిచి చూస్తే మరొక అర్థం స్ఫురిస్తుంది. ఆమె కోల్పోయినది ప్రియుణ్ణి మాత్రమే కాదు. అతనికి సేవచేసే అవకాశాన్ని, నిజం తెలిసి దుఃఖించే హక్కును కూడా. ఆమె ఏది భరించగలదో ఆమెను అడగకుండానే రాజేశ్ నిర్ణయించాడు. దాచేవారు ఎవరైనా, ఎదుటివారిని అడగకపోవడమే రెండు చిత్రాల్లోని దాపరికానికీ సమానలక్షణం.

3. ‘మిథునం’: మాటల్లోకి వచ్చిన మరణం

శ్రీరమణ కథ ఆధారంగా తనికెళ్ల భరణి తీసిన ‘మిథునం’లో సంతానం విదేశాల్లో, అప్పదాసు, బుచ్చిలక్ష్మి దంపతులు స్వగ్రామంలో ఉంటారు. భర్త కంటే ముందు పుణ్యస్త్రీగా వెళ్లిపోవాలని కోరుకోవడం తెలుగు స్త్రీకి సంప్రదాయం నేర్పిన కోరిక. బుచ్చిలక్ష్మి కోరిక దీనికి పూర్తిగా విరుద్ధం. తాను లేకపోతే ఆయనను చూసేవారుండరు కనుక ఆయనే ముందు వెళ్లాలని ఆమె ఆశిస్తుంది. అంటే ఐదోతనం కంటే సంరక్షణను మిన్నగా ఎంచింది. మరణాన్ని గూర్చిన ఆలోచన పాశ్చాత్యుల నుంచి దిగుమతి కానక్కరలేదనీ, అది తెలుగింటి వంటగదిలోనే పుట్టగలదనీ ఈ పాత్ర నిరూపిస్తుంది.

4. తెర వెలుపల

తెరపై క్యాన్సర్‌ను దాచిన కథానాయకుడే 32 ఏళ్ల తరువాత, 2013 అక్టోబరులో, తనకు క్యాన్సర్ సోకిందని పాత్రికేయులకు స్వయంగా ప్రకటించాడు. మూడు తరాల అక్కినేని కుటుంబం కలిసి నటించిన ‘మనం’లో తన పాత్రకు డబ్బింగ్ పూర్తిచేసి, 2014 జనవరి 22న కన్నుమూశాడు. ఆ చిత్రం మే నెలలో విడుదలైంది. ఇక్కడ నిజం చెప్పడం కుటుంబాన్ని విడదీయలేదు. మిగిలిన కాలాన్ని ఎలా గడపాలో నిర్ణయించే అధికారాన్ని రోగి చేతిలో ఉంచింది. ‘ప్రేమాభిషేకం’పై వెలువడగల విమర్శల్లో ఇంతకు మించినది ఉండదు.

5. ముగింపు

చికిత్స విషయంలో తన కోరికను ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది; 2023 జనవరిలో మెజిస్ట్రేట్ సంతకానికి బదులు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలునని విధానాన్ని సరళం చేసింది. కానీ పత్రం నింపాలంటే ముందు మాట పెగలాలి. తల్లిదండ్రులు ఇక్కడ, పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో ఆ మాట తరచుగా ఐసీయూ తలుపు దగ్గర, ఫోనులో మొదలవుతుంది. అప్పటికి సమాధానం చెప్పవలసిన మనిషి స్పృహలో ఉండకపోవచ్చు.

సంస్కృతిని గౌరవించడమంటే దాచడమే ధర్మమని ముందే నిశ్చయించుకోవడం కాదు. చెప్పితీరాలని పట్టుబట్టడమూ కాదు. ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది, మిగిలినది ఎవరితో చెప్పమంటారు అని రోగిని సకాలంలో అడగడం. నాకు వద్దు, పెద్దబ్బాయితో చెప్పండి అన్నా అది ఆ వ్యక్తి నిర్ణయమే అవుతుంది. రాజేశ్ దేవిని అడగని ప్రశ్న అదే.