మొదటి పుస్తకం ఎవరిది?

ఫిల్మ్ నగర్‌లో చదువరుల బృందం ఒకటి మొదలవుతోంది. కాస్ట్యూమ్స్‌లో పనిచేసేవాళ్లు, అసిస్టెంట్ డైరెక్టర్లు, ఇద్దరు ముగ్గురు డబ్బింగ్ కళాకారులు. "ఆదివాసుల మీద మంచి పుస్తకం ఒకటి చెప్పండి, దాంతోనే మొదలుపెడతాం" అన్నారు. అడిగినందుకు సంతోషం. ఆ "మీద" అన్న మాట దగ్గరే నాకు పేచీ.

వాళ్లలో ఎక్కువమంది 'వనవాసి' వైపు మొగ్గారు. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీ నవల 'ఆరణ్యక్'కు సూరంపూడి సీతారాం అనువాదం అది. తెలుగు పాఠకులు ఎంతగానో ప్రేమించిన పుస్తకం. అందులోని అడవి అందాన్ని ఎవరూ కాదనలేరు. కానీ కథ చెప్పేవాడు ఎస్టేట్ మేనేజరు. అడవిని రైతులకు పంచి సాగులోకి తేవడం అతని ఉద్యోగం. ఆ పని చేస్తూనే అడవి పోతున్నందుకు బాధపడతాడు. ఆ బాధలో అబద్ధం లేదు. దోబ్రు పన్నా అనే ముసలి రాజునూ, ఆయన ఇంటి పిల్ల భానుమతినీ గౌరవంగానే చూస్తాడు. చూసేది మాత్రం గుర్రం మీంచి. ఫిల్మ్ నగర్‌కు ఈ చూపు కొత్త కాదు. క్రేన్ మీది కెమెరా కూడా మనల్ని అలాగే చూస్తుంది.

మనవాళ్లు చెప్పిన పేరు సాహు, అల్లం రాజయ్య రాసిన 'కొమురం భీం' నవల. దాన్ని తేలిగ్గా పక్కన పెట్టలేం, ముఖ్యంగా ఆ పేటలో. 2022లో వచ్చిన 'ఆర్.ఆర్.ఆర్.' చివర్లో ఏం కావాలని రాజు అడిగితే భీం చదువు కావాలంటాడు. 1940లో జోడేఘాట్‌లో నిజాం సర్కారు తుపాకులకు ప్రాణమిచ్చిన భీం గురించి మన దగ్గర చెప్పుకునే వృత్తాంతం వేరు. ఊరు విడిచి తిరిగిన రోజుల్లో ఒక అచ్చు ప్రెస్సులో పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడని చెబుతారు. అక్షరం నేర్చుకుని పోరాటానికి దిగినవాడి చేత, సినిమా పోరాటం ముగిశాక పలక పట్టించింది. కల్పిత కథ అని సినిమావాళ్లు ముందే చెప్పుకున్నారు, నిజమే. ఇంకేదీ తోచక ఇదే ఎందుకు తోచిందన్నదే విమర్శ అడగాల్సింది. (అల్లాణి శ్రీధర్ తీసిన 'కొమరం భీం' 1990లో పూర్తయి, 2010లో గానీ విడుదల కాలేదు. ఇరవై ఏళ్లు! ఆ సంగతి ఫిల్మ్ నగర్‌లో ఎంతమందికి గుర్తుందో.)

అయినా ఈ నవలతో మొదలుపెట్టొద్దంటాను. అక్కడ కూర్చున్న మరుక్షణం మాట సినిమాకూ పుస్తకానికీ పోలిక వైపు పోతుంది. ఏ హీరో ఎలా చేశాడన్న దగ్గర సాయంత్రం అయిపోతుంది. మొదటి పుస్తకంలో వీరుడు లేకపోతేనే మేలు.

నా ఎంపిక రమేశ్ కార్తీక్ నాయక్ కథలు 'ఢావ్లో'. 2021లో వచ్చిన ఈ పుస్తకానికి 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. పురస్కారం కోసం చెప్పడం లేదు. ఢావ్లో అంటే బంజారాల పెళ్లిలో అత్తవారింటికి వెళ్లే పిల్ల ఏడుస్తూ పాడే పాట. మన సినిమాలో లంబాడా ఆడమనిషి అంటే అద్దాల లంగా, చేతినిండా గాజులు, ఒక డ్యాన్సు. ఆ బట్టల్ని అద్దెకు తెచ్చి, లెక్కపెట్టి, మళ్లీ మూటగట్టేవాళ్లు ఈ బృందంలోనే ఉన్నారు. ఆ బట్టల్లోని మనిషి ఏడుపు పుస్తకం పేరులోనే వాళ్లకు ఎదురవుతుంది. పక్క కొండ పేరు బంజారా హిల్స్. ఒకప్పుడు అక్కడ బతికిన బంజారాల వల్ల వచ్చిన పేరది.

దీనికి మనలోనే అభ్యంతరం ఉంది. గోండు, కోలాం మిత్రులు అడుగుతారు, ఆదివాసీ పుస్తకమంటే లంబాడా పుస్తకమా అని. 1976 సవరణ చట్టంతో తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలో చేరిన సంగతీ, 2017లో ఆదిలాబాద్‌లో రేగిన గొడవా ఎవరూ మరిచిపోలేదు. ఆ ప్రశ్నను దాచిపెట్టి పుస్తకం చేతికివ్వకూడదు. 'గిరిజన పుస్తకం' అనకుండా బంజారా కథలని చెప్పే ఇవ్వాలి. రెండో నెలలో మల్లిపురం జగదీశ్ 'శిలకోల' కథలు చదివితే, ఉత్తరాంధ్ర కొండలకు నిజామాబాద్ తండా బదులు చెప్పలేదని వాళ్లకే తెలుస్తుంది. భీం నవల ఆ తర్వాత.

ఇంకో లాభం కూడా ఉంది. తెల్లవారుజామున షూటింగ్‌కు పరుగెత్తేవాళ్లు నవల పూర్తిచేయలేక సిగ్గుపడి రావడం మానేస్తారు. కథ అయితే ఒక్క కూర్పులో పైకి చదివేయొచ్చు. డబ్బింగ్ కళాకారులే చదవాలి. మన పాత్రల నోట పెట్టే ఆ ముక్కల తెలుగు ఏ గూడెంలోనూ వినపడదు. దాన్ని పలికీ పలికీ అలవాటైన గొంతులు గోర్ బోలి మాట దగ్గర కాసేపు తడబడనీ. బృందంలో తండా నుంచి వచ్చిన లైట్‌మన్ ఉంటే, ప్రతి మాటకూ అర్థం చెప్పమని అతని వైపు తిరగొద్దు. అతనూ కథ వినడానికే వచ్చాడు.

'వనవాసి'ని నాలుగో నెలలో పెట్టుకోవచ్చు. గుర్రం మీది మేనేజరు ఏం చూశాడో, ఏం చూడలేదో అప్పుడు వాళ్లే మాట్లాడుకుంటారు.