ఆటపెట్టె జ్ఞాపకాల్లో అమ్మ ఎక్కడ?

ఆత్మకథల్ని, ఉద్యమ చరిత్రల్ని, కార్మికుల అనుభవాల్ని మనం చాలాకాలంగా ఒక ప్రశ్నతో చదువుతున్నాం. గుర్తు చేసుకుంటున్నది ఎవరు, ఆ గుర్తుల్లోంచి జారిపోయింది ఎవరు? సాహిత్యంగా ఎవరూ లెక్కవేయని రాతల్ని కూడా ఈ ప్రశ్నతో చదవాలని నాకనిపిస్తుంది. అలాంటి వాటిలో వీడియో గేముల అభిమానుల జ్ఞాపకాలు ఒకటి. ముఖ్యంగా కన్సోల్ అనే ఆటపెట్టెను కంపెనీ మొట్టమొదటిసారి లోకానికి చూపించిన రోజు గురించి వాళ్ళు రాసుకునే, చెప్పుకునే జ్ఞాపకాలు.

తెలియనివాళ్ళకు ఇది చిన్న విషయమే. ఆ అభిమానులకు మాత్రం పండగ. 1995లో లాస్ ఏంజెలస్‌లో మొదలైన ఈ3 అనే ప్రదర్శనలో, అలాంటి మరికొన్ని వేదికల మీద సోనీ, నింటెండో, మైక్రోసాఫ్ట్ కంపెనీలు కొత్త యంత్రాల మీది ముసుగు తీసేవి. ఈ3 ఇక జరగదని 2023 డిసెంబరులో నిర్వాహకులు ప్రకటించారు. 2025 జనవరిలో నింటెండో తన స్విచ్ 2 యంత్రాన్ని చిన్న వీడియోతోనే చూపించేసింది. వేదిక పోయాక జ్ఞాపకాలకు విలువ పెరిగింది. నలభైల్లోకి వచ్చిన మగవాళ్ళు ఆ రోజుల్ని తలుచుకుంటూ మాట్లాడుతుంటే, మొదటి ఆట సినిమా గురించి మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

ఈ జ్ఞాపకాలకు ఒక వరస ఉంది. తేదీలుంటాయి, యంత్రం శక్తి గురించిన అంకెలుంటాయి, పరిహాసాలుంటాయి. 2006లో సోనీ తన ప్లేస్టేషన్ 3 ధర 599 డాలర్లని చెప్పినప్పుడు పుట్టిన నవ్వు ఈనాటికీ ఆగలేదు. ఇళ్ళల్లో ఆటపెట్టె కొన్నరోజు జ్ఞాపకాలూ ఉంటాయి. ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు లేరా అంటే ఉన్నారు. తెరకి అడ్డంగా నిలబడే అమ్మ, వైరు పీకేసే అమ్మ, ఆట రాని చెల్లె. నేను చదివిన వాటిలో అమ్మ చాలామటుకు ఆటకి వచ్చిన అడ్డంకి. ఆమె వైరు ఎందుకు పీకిందో ఆ కథల్లో ఎవరూ అడగరు.

నేను పెరిగిన గోదావరిఖని నుంచి చూస్తే ఆ ప్రశ్నకు జవాబు ఉంది.

నింటెండో తన ఇంటి యంత్రం ఫామికామ్‌ను జపాన్‌లో విడుదల చేసింది 1983 జులైలో. 'ఫామిలీ కంప్యూటర్' అన్న మాటకి అది పొట్టి పేరు. అదే ఏడాది రామగుండంలో ఎన్టీపీసీ మొదటి యూనిట్ కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ రెండూ మా ఇంట్లో కలుసుకోవడానికి మరో పదేళ్ళు పైనే పట్టింది. అదీ అసలు యంత్రం రూపంలో కాదు. దానిని చూసి చేసిన చౌక నకలు, పసుపు రంగు క్యాసెట్, దాని మీద వేల సంఖ్యలో ఆటలున్నాయన్న అబద్ధం. మేము దాన్ని టీవీ గేమ్ అనేవాళ్ళం. మా ఊళ్ళో ఎవరూ ఏ ఆవిష్కరణా చూడలేదు. బోనస్ డబ్బుల్తో కొన్న అట్టపెట్టెను విప్పటమే మాకు ఆవిష్కరణ.

సింగరేణి క్వార్టర్ ముందుగదిలో టీవీ ఉంటుంది. ఆ గదిలోనో, పక్క గదిలోనో రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మనిషి పడుకుని ఉంటాడు. బాయిల పని మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. మగవాడి షిఫ్టు మారినప్పుడల్లా ఇంటి ఆడమనిషి గడియారం మారుతుంది. నీళ్ళు కాగబెట్టడం, సద్ది కట్టడం, పగటిపూట ఇంటిని నిశ్శబ్దంగా ఉంచడం ఆమె పని. ఈ చివరిది ఏ కూలి లెక్కల్లోనూ ఉండదు. నిద్ర చాలని మనిషి బాయిల దిగితే ఏమవుతుందో కోల్‌బెల్ట్‌లో ప్రతి ఇంటి ఆడమనిషికీ తెలుసు. "బాపు పండుకున్నడు, సప్పుడు చెయ్యకుండ్రి" అని అమ్మ టీవీ కట్టేసిందంటే అది ఆట మీద కోపం కాదు. తన డ్యూటీ. మా ఇంట్లో ఆటపెట్టె చాలా రోజులు మూగగానే నడిచింది. ఆ ఆటల సంగీతం అందరికీ కంఠతా వచ్చని అభిమానులు రాస్తుంటారు. మాకు బొమ్మలే గుర్తు.

అడ్డంకిగా కనిపించిన అమ్మ నిజానికి ఒక ప్రాణాన్ని కాపలా కాస్తోందన్న సంగతి అభిమాని జ్ఞాపకంలోకి రాదు. అతని జ్ఞాపకం తెర మీద మొదలై తెర మీదే ముగుస్తుంది. తెరకి వెనక జరిగే శ్రమ అంతా దానికి రొదలా వినిపిస్తుంది. ఇది ఏ ఒక్క అభిమాని తప్పూ కాదు, ఆ జ్ఞాపక ప్రక్రియ స్వభావమే అది.

మరి చెల్లె? ఫామికామ్‌కు రెండు కంట్రోలర్లు ఉండేవి. మొదటి దాని మీద స్టార్ట్, సెలెక్ట్ అనే రెండు బటన్లు ఉన్నాయి. రెండో దాని మీద అవి లేవు, వాటికి బదులు చిన్న మైకు పెట్టారు. మా ఇంటి నకలులో ఆ మైకు కూడా లేదు. అంటే రెండో కంట్రోలర్ పట్టుకున్నవాళ్ళు ఆడగలరు గానీ ఆటని మొదలుపెట్టలేరు, మధ్యలో ఆపలేరు. మా ఇంట్లో అది నాది. మా వాడకట్టులో చాలా ఇళ్ళల్లో అది అక్కదో చెల్లెదో. కంపెనీ ఇంజనీర్లు దాన్ని ఆడపిల్లల కోసమని చేయలేదు. అయినా ఇంట్లోకి వచ్చాక ఏది ఎవరి చేతికి పోవాలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. ఆ యంత్రం పేరులో 'ఫామిలీ' ఉంది. కుటుంబం ఎట్లా నడుస్తుందో కూడా అందులో ఉంది.

ఈ చరిత్రలో 2005 సెప్టెంబరు 16 ఒక విచిత్రమైన రోజు. టోక్యో గేమ్ షోలో నింటెండో అధ్యక్షుడు సతోరు ఇవాటా తర్వాత 'వీ' అనే పేరుతో వచ్చిన యంత్రానికి సంబంధించిన కంట్రోలర్‌ను చూపించాడు. అది చూడ్డానికి టీవీ రిమోట్‌లా ఉంటుంది, దాన్ని చేత్తో ఊపుతూ ఆడాలి. అక్కడ వేసిన వీడియోలో ఆట తెర కనిపించదు. ఆడేవాళ్ళ ముఖాలు, చేతులు కనిపిస్తాయి. వాళ్ళలో ఆడవాళ్ళున్నారు, వయసు మళ్ళినవాళ్ళున్నారు. కన్సోల్ ఆవిష్కరణల్లో యంత్రం బదులు మనుషుల్ని, అందులోనూ ఇంటిమనుషుల్ని చూపించడం అప్పటికి కొత్త. అభిమానుల్లో చాలామంది నివ్వెరపోయారు, కొందరు నవ్వారు. 2006 ఏప్రిల్‌లో పేరు ప్రకటించాక ఇంకా నవ్వారు. ఆ యంత్రం 10 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. 2015 జులైలో ఇవాటా చనిపోయాక జ్ఞాపకాల స్వరం మారింది, నవ్వినవాళ్ళే ఆ రోజుని గౌరవంగా తలుచుకున్నారు. అయినా ఒక మాట మాత్రం పోలేదు. అది 'కాజువల్' ఆటల యంత్రమనీ, అమ్మమ్మలు కూడా ఆడారనీ. ఆ 'కూడా' దగ్గర మనం ఆగాలి.

గేముల లోకంలో 'హార్డ్‌కోర్', 'కాజువల్' అని రెండు కులాలున్నాయి. గంటలకొద్దీ కూర్చుని ఆడేది గంభీరమైన ఆట. వంట మధ్యలో పావుగంట ఆడేది కాలక్షేపం. ఈ మాట మనకు కొత్తదా? 1960లు, 70ల్లో యద్దనపూడి సులోచనారాణి వంటి రచయిత్రుల నవలల కోసం వారపత్రికలు ఎదురుచూసిన కాలంలో, ఆ నవలల్ని మన విమర్శ ఏ మాటతో పక్కన పెట్టిందో గుర్తు చేసుకోండి. కాలక్షేపం అనే కదా! పనికీ పనికీ మధ్య దొరికిన ముక్కల సమయంలో ఆడవాళ్ళు చదివినా, రాసినా, ఆడినా అది తక్కువదవుతుంది. గంభీరతకు కొలత సమయమైతే, సమయం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

అలాగని వీ ఆవిష్కరణను స్త్రీల పండగగా చేసుకోలేను. 2006లో ఒక పత్రికతో మాట్లాడుతూ నింటెండో ఆటల రూపకర్త షిగేరు మియామోతో, తల్లులు కావాలనుకునే యంత్రం చేయడం తమ లక్ష్యమన్నాడు. త్వరగా మొదలవ్వాలి, చప్పుడు చేయకూడదు, కరెంటు ఎక్కువ లాగకూడదు. ఈ మాటలు మొదటిసారి చదివినప్పుడు నాకు మా ముందుగది గుర్తొచ్చింది. మా అమ్మ అడిగినవి కూడా చప్పుడు, కరెంటు అనే రెండే. ఆమె కష్టాన్ని క్యోటోలో ఒక రూపకర్త గుర్తించాడని సంతోషపడవచ్చు. అయితే ఆ గుర్తింపు ఎవరిది? ఇంటిని నిశ్శబ్దంగా ఉంచే బాధ్యత గల అమ్మది, కొనడానికి ఒప్పుకోవాల్సిన అమ్మది. ఆడే అమ్మ ఆ తర్వాత వచ్చింది, వచ్చీ రాగానే ఆమెను తూకం మీద నిలబెట్టారు. 2007 చివర్లో జపాన్‌లో, 2008లో మిగతా దేశాల్లో వచ్చిన 'వీ ఫిట్' ఆట మనిషి ఎక్కి నిలబడే పలకతో వచ్చింది. ఎత్తూ బరువూ లెక్కగట్టి నువ్వు లావున్నావని చెప్పేది. బ్రిటన్‌లో ఒక పదేళ్ళ పాపకు అట్లా చెప్పినందుకు 2008లో కంపెనీ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

షరతుల మీద వచ్చే ఆహ్వానం మా ప్రాంతానికి కొత్తది కాదు. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్ళు భూగర్భంలో పనిచేయడాన్ని నిషేధించింది. 2019లో కేంద్ర ప్రభుత్వం దాన్ని సడలించింది. అయితే సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు మాత్రమే, పగటి పూట మాత్రమే, రాతపూర్వక సమ్మతి తీసుకుని మాత్రమే. బొగ్గుకీ ఆటపెట్టెకీ పోలికేమిటని ఎవరైనా అడగవచ్చు. తలుపు తెరిచినవాడు గడియ తన చేతిలోనే ఉంచుకోవడం రెండు చోట్లా ఉంది.

ఇక 2013. అభిమానుల జ్ఞాపకాల్లో అది మైక్రోసాఫ్ట్ పరువు పోగొట్టుకున్న ఏడు. మే 21న ఎక్స్‌బాక్స్ వన్‌ను చూపించినప్పుడు ఆటల కంటే టీవీ గురించే ఎక్కువ మాట్లాడారని, ఇంటర్నెట్ తప్పనిసరి చేశారని, వాడిన డిస్కులు ఇచ్చిపుచ్చుకోకుండా అడ్డుపడ్డారని అభిమానులు మండిపడ్డారు. ఆ కోపం న్యాయమైనదే. ఒక్క క్యాసెట్ నాలుగు క్వార్టర్లు తిరిగిన మాలాంటి వాళ్ళకు అది ఇంకా బాగా అర్థమవుతుంది. జూన్ 19న కంపెనీ వెనక్కి తగ్గింది. అభిమానులు గెలిచిన కథగా దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ మేకీ ఈ జూన్ 19కీ మధ్య ఒక రోజు ఉంది. జూన్ 10న ఈ3లో అదే కంపెనీ వేదిక మీద ఒక పోరాట ఆట ప్రదర్శించారు. ఆడుతున్నవాళ్ళలో ఒకరు పురుషుడు, ఒకరు స్త్రీ. ఆమె ఓడిపోతుంటే అతను, ఊరికే జరగనివ్వు, కాసేపట్లో అయిపోతుంది అన్న అర్థం వచ్చే మాట అన్నాడు. ఆ మాట ఎక్కడిదో ఆడవాళ్ళెవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. తర్వాత కంపెనీ క్షమాపణ చెప్పింది. ఆ సభలో చూపించిన ఆటల్లో ఒక్కదానిలోనూ ప్రధాన పాత్ర స్త్రీ కాదని విమర్శకురాలు అనితా సర్కీసియన్ ఎత్తిచూపితే ఆమె మీద బూతులు కురిశాయి. 2014 అక్టోబరులో అమెరికాలోని యూటా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆమె ప్రసంగించాల్సి ఉండగా కాల్పులు జరుపుతామని బెదిరింపు వచ్చింది. ప్రసంగం రద్దయింది. 2013 గురించి నేను చదివిన అభిమానుల జ్ఞాపకాల్లో డిస్కుల సంగతి ప్రతిసారీ ఉంది. ఆ వేదిక మీది మాట దాదాపు ఎక్కడా లేదు.

అదే 2014 అక్టోబరులో మరో వేదిక. ఆ ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ళ మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యాడని తెలుగువాళ్ళం సంబరపడి ఉన్నాం. స్త్రీ సాంకేతిక నిపుణుల సదస్సులో, జీతం పెంచమని అడగడానికి జంకే ఆడవాళ్ళకు ఏం చెబుతారని అడిగితే, అడగడం కాదు, వ్యవస్థ మీద నమ్మకం ఉంచాలన్న ధోరణిలో మాట్లాడాడు. తన జవాబు పూర్తిగా తప్పని అదే రోజు ఉద్యోగులకు రాశాడు. రెండు వేదికల మీద మాట్లాడిన ఇద్దరూ ఒకరు కాదు, మాటల బరువూ ఒకటి కాదు. కానీ ఊరుకో అయిపోతుంది, అడక్కు వస్తుంది అనే ఆ రెండు మాటలూ మనం పుట్టింట్లోనూ అత్తింట్లోనూ విన్నవే. రెండో కంట్రోలర్ మన చేతిలో పెట్టేటప్పుడు చెప్పేవే.

జ్ఞాపకం కూడా ఒక ఆస్తి. ఎవరి జ్ఞాపకం పదేపదే రాయబడితే వాళ్ళే ఆ లోకానికి వారసులవుతారు. గేములు మగపిల్లలవన్న నమ్మకం యంత్రంలోంచి పుట్టలేదు. దుకాణాల అలమరల్లో, ప్రకటనల్లో పుట్టింది. 1989లో వచ్చిన చేతి యంత్రానికి 'గేమ్ బాయ్' అని పేరు పెట్టారు. 2006లో మన దేశంలో ఎక్స్‌బాక్స్ 360 విడుదలకు ప్రచారకర్తలుగా అక్షయ్ కుమార్, యువరాజ్ సింగ్ అనే ఇద్దరు మగవాళ్ళని నిలబెట్టారు. ఆ నమ్మకం ఇప్పుడు జ్ఞాపకాల ద్వారా రెండో తరానికి పోతోంది. ఆ జ్ఞాపకాలు చదివే ఇవాళ్టి ఆడపిల్ల తనకు ఇందులో పూర్వీకులు లేరనుకుంటుంది.

పూర్వీకులున్నారు. పగటిపూట టీవీ గొంతు తగ్గించినవాళ్ళు, మొదటి కంట్రోలర్ ఖాళీ అయ్యేదాకా పక్కన కూర్చుని ఏ గోడ వెనక ఏముందో కంఠస్థం చేసినవాళ్ళు, అన్న స్కూలుకు పోయాక గిన్నెలు తోమడానికి ముందు దొరికిన అరగంటలో ఒంటరిగా ఆడుకున్నవాళ్ళు. కార్మికవాడల్లో స్త్రీల మౌఖిక చరిత్రలు సేకరించేటప్పుడు మనం సమ్మెల గురించి, సారా వ్యతిరేక పోరాటాల గురించి, ప్రమాదాల గురించి అడుగుతాం. అడగాల్సిందే. వాటితోపాటు, మీరు ఏం ఆడుకున్నారు, ఎప్పుడు ఆపేశారు, ఎవరు ఆపించారు అని కూడా అడగాలి. స్త్రీల శ్రమ చరిత్ర ఎంతో కొంత రాసుకున్నాం. స్త్రీల తీరిక చరిత్ర ఇంకా మొదలే పెట్టలేదు.