ఫుకట్ బొమ్మ

సినిమా బాగుందని ఎక్కడైనా నాలుగు ముక్కలు రాశానంటే చాలు, నాకు వచ్చే ప్రశ్నలు రెండు. మొదటిది, "ఏ యాప్‌లో వుందక్కా?" రెండోది, కాస్త గొంతు తగ్గించి, "డబ్బులు కట్టకుండా చూసే వుపాయం ఏమన్నా వుందా?" కథ ఎట్లా వుంది, ఎవరు బాగా చేశారు, చివరికి ఏడిపిస్తారా నవ్విస్తారా అని అడిగేవాళ్ళు బొత్తిగా తగ్గిపోయారు. పోనీ అడిగేవాళ్ళు దొంగబుద్ధి వాళ్ళా అంటే, కానే కాదు. కూరగాయల బండి దగ్గర కొసరు కొత్తిమీర తప్ప ఒకరి సొత్తు ముట్టని ఇల్లాళ్ళు. పాలవాడు పొరపాటున పది రూపాయలు ఎక్కువిస్తే వెనక్కి పిలిచి ఇచ్చేవాళ్ళు. అటువంటి వాళ్ళకు సినిమా దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది ఒకరి సొత్తు అని తోచదు. ఎందుకు తోచదన్నదే నా విచారం.

మా నల్లగొండ, పాలమూరు వైపు ఇటువంటి చూపుకి ముచ్చటైన మాట వుంది. ఫుకట్. "పైసల్ పెట్టి చూసినవా, ఫుకట్లనా?" అని అడుగుతారు. ఆ మాటలో తప్పు చేసిన బెదురు లేదు సరిగదా, బజారులో గట్టి బేరం చేసి వచ్చిన హుషారు వుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ హుషారు వెనక ఓ లెక్క వుంది. 'పుష్ప' మొదటి భాగం అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది, రెండో భాగం నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అంటే ఒక్క కథ పూర్తిగా తెలుసుకోవడానికి రెండు గడపలు తొక్కాలి. ప్రైమ్ వాళ్ళు 2021 డిసెంబరులో ఏడాది చందా 999 నుంచి 1499 రూపాయలకు పెంచారు. 2025 జూన్ నుంచి అందులోనే ప్రకటనలు మొదలుపెట్టి, అవి వద్దంటే ఇంకొంచెం కట్టమన్నారు. పప్పు కొన్నాక రాళ్ళు ఏరిపెట్టినందుకు వేరే ధర అన్నట్టు లేదూ? అయ్యగారికి క్రికెట్టు ఒకచోట, అబ్బాయికి ఇంగ్లీషు సీరియలు మరోచోట, అత్తగారి సీరియళ్ళు వేరొక చోట. అందరివీ అయ్యాక మన వంతు. పోనీ హాలుకే వెళదామా అంటే, 2024 డిసెంబరులో అదే 'పుష్ప' రెండో భాగం ముందస్తు ఆటకు టికెట్టు ధర మీద 800 రూపాయలు అదనంగా తీసుకోవచ్చని మన ప్రభుత్వమే అనుమతించింది. ఆ ఏడాది తెలంగాణలో ఉపాధి హామీ పనికి రోజు కూలి 300. పాలమూరు నుంచి బొంబాయికో పూనాకో వలసపోయి, కడుతున్న మేడ కింద రేకుల షెడ్డులో పడుకుని, పగిలిన ఫోనులో దొంగ సినిమా చూసుకునే కూలివాణ్ణి పట్టుకుని ధర్మశాస్త్రం చెప్పమంటే నా నోరు రాదు. నేను మాట్లాడుతున్నది మన గురించి. నెలకోసారి చీరల దుకాణం మెట్లెక్కగల మన గురించి.

ఊరికే చూడటం మనకు కొత్తా అని మీరు అడగవచ్చు. కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా వారి ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 పల్లెలకు ప్రభుత్వమే టీవీ చూపించింది. ఊరందరికీ కలిపి ఒక్క పెట్టె. 1987, 88లో రామాయణం వచ్చే ఆదివారం ఉదయం టీవీ వున్న ఇంటి వాకిట్లో ఎన్ని జతల చెప్పులుండేవో మీలో చాలామందికి గుర్తే. మా వీధిలో వీసీఆర్ అద్దెకు తెస్తే తెల్లవార్లూ నాలుగు సినిమాలు, చాప పట్టినంత మందీ చూసేవాళ్ళం. (ఆ క్యాసెట్లన్నీ సక్రమ సంతానమేనని నేననను.) ఇంట్లో ఎవరో ఒకరు వారపత్రిక కొంటే అది ఏడిళ్ళు తిరిగి, అట్ట చిరిగి, పసుపు మరక అంటించుకుని తిరిగొచ్చేది.

అదీ ఫుకటే, ఇదీ ఫుకటే, తేడా ఏమిటంటారా? అక్కడ ఒకరు కొన్నారు. ఎవరు కొన్నారో మిగతా వాళ్ళకు తెలుసు. పత్రిక తెచ్చుకున్న ఇల్లాలు ఎప్పుడో ఓసారి గిన్నెలో మామిడికాయ పచ్చడి పట్టుకెళ్ళి ఇచ్చేది. టీవీ వున్న పిన్నిగారు కసురుకుంటే పడి వుండేవాళ్ళం. ఇచ్చినవాళ్ళ మొహం ఎదురుగా వుండేది. అరువుకు వున్న మర్యాద అదే. ఇప్పుడు ఫోనులో బొమ్మ ఎవరిస్తున్నారో తెలియదు, ఎందుకిస్తున్నారో అంతకన్నా తెలియదు.

ఎందుకిస్తున్నారో కొంత బయటపడింది లెండి. 2025 నవంబరులో 'ఐబొమ్మ' సైటు నడుపుతున్నాడని ఒకతన్ని హైదరాబాదు పోలీసులు అరెస్టు చేశారు. దాదాపు మూడు కోట్ల సొమ్ము పట్టుకున్నామన్నారు. సినిమా కోసం వచ్చిన వాళ్ళను బెట్టింగు యాపుల వైపు మళ్ళించడమే అసలు వ్యాపారమన్నారు. నేరం తేల్చవలసింది కోర్టు, నేను కాదు. నన్ను ఆశ్చర్యపరిచింది జనం మాట. పేదవాడి పాలిటి దేవుణ్ణి పట్టుకుపోయారని వాపోయిన వాళ్ళు వేలల్లో వున్నారు. దేవుడే అనుకుందాం. ఏ దేవుడి గుడిలోనైనా హుండీ వుంటుంది కదా? ఈ గుడి హుండీ ఆ బెట్టింగు ప్రకటన. అమ్మ సినిమా చూసి ఫోను పక్కన పెడితే, పదో తరగతి పిల్లవాడు ఆ ప్రకటన మీద వేలు పెడతాడు. బెట్టింగు యాపుల గొడవ ఎంతదాకా పోయిందంటే 2025లో తెలంగాణ ప్రభుత్వం దానికోసం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయవలసి వచ్చింది. ఇంత జరిగినా టికెట్టు డబ్బులు మిగిలాయని సంతోషించేవాళ్ళకు నేను చెప్పేదేముంది?

సినిమా పెద్దలు మాత్రం ఇటువంటప్పుడు పరిశ్రమ మునిగిపోతోందని గుండెలు బాదుకుంటారు. అది నేను పూర్తిగా నమ్మను. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' మొదటి సగం విడుదలకు ముందే బయటికి పొక్కింది. అయినా నాలుగైదు రోజుల తర్వాత హాళ్ళకు వచ్చి, ఆ ఏడాదికి పేరు చెప్పుకునేంతగా ఆడింది. పెద్ద హీరో వరదలో కూడా ఈదుకొస్తాడు. మునిగేది చిన్నవాళ్ళు, పెద్ద మొహాలు లేని సినిమాలు. ముఖ్యంగా మన ఇంటి కథలు చెప్పేవి.

'మల్లేశం' సంగతి తీసుకోండి. 2019 జూన్‌లో వచ్చింది. ఆలేరు దగ్గర షార్జీపేటకు చెందిన చింతకింది మల్లేశం కథ. ఆ వూరు అప్పటి నల్లగొండ జిల్లాలోది, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. పోచంపల్లి రకం చీర నేయాలంటే, రంగులు అద్దేముందు నూలును అర్ధచంద్రంలా నిలబెట్టిన పుల్లల చుట్టూ చేత్తో తిప్పి పోయాలి. అదే ఆసు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9000 సార్లు అటూ ఇటూ ఆడాలి. రోజుకు రెండు చీరలంటే 18000. ఈ పని చేసేది ఇంటి ఆడవాళ్ళు. నేతగానికి కూలి వుంది, షావుకారికి లాభం వుంది, ఆసు పోసిన ఆమెకు వేరే లెక్క ఏముంది? అది 'ఇంటి పని'. తల్లి భుజం పడిపోతుంటే చూడలేక ఆ కొడుకు ఏళ్ళ తరబడి కిందామీదా పడి, 1999లో యంత్రం పూర్తి చేసి, దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

సినిమాలో ప్రియదర్శి బాగా చేశాడు. కానీ నా మటుకు ఆ సినిమా తల్లిగా వేసిన ఝాన్సీది. ఆమె భుజం పట్టుకుని లేచే తీరు చూస్తే సంభాషణ అక్కర్లేదు. రెండో సగంలో ప్రయత్నం, ఓటమి, మళ్ళీ ప్రయత్నం ఒకే వరసలో నడిచి కాస్త విసుగు పుట్టించిన మాట నిజం. భార్య పాత్రను ఇంకొంచెం మాట్లాడనిస్తే బాగుండేది. అయినా ఇల్లాలి చేతిపనిని కథకు ఇరుసుగా చేసిన తెలుగు సినిమాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మిగతా వాటిలో ఇల్లాలు కాఫీ గ్లాసుతో వచ్చి కాఫీ గ్లాసుతో పోతుంది.

మా పక్కింటి అవ్వ పోచంపల్లి ఆడపడుచు. ముప్పయ్యేళ్ళు ఆసు పోసింది. మనవడు ఎక్కడినుంచో దింపిన దొంగ ప్రింటులో ఆ సినిమా చూపించాడట. ఎట్లా వుందవ్వా అంటే పెదవి విరిచింది.

"ఏమోనే బిడ్డా, నూలు కనవడ్తలేదు. ఉత్త గాలిల చెయ్యి తిప్పుతున్నట్టున్నది."

ఇన్నేళ్ళుగా నేను సినిమాల మీద రాసినదంతా ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. అరచేతిలో సగం లేని తెర, నీళ్ళు కలిపిన పాలలాంటి ప్రింటు. సన్నటి దారం అందులో ఎక్కడ నిలుస్తుంది? ఏ నూలు కోసం ఆ తల్లి 9000 సార్లు చెయ్యి ఆడించిందో, ఆ నూలే మాయం. పనీ ఫుకటే, బొమ్మా ఫుకటే.

మనకు ఈ మాట తెలియనిదా? పొద్దున అయిదు గంటలకు లేచి రాత్రి పదింటిదాకా మనం చేసేదానికి ఇంట్లో పెట్టిన పేరేమిటి? "ఇంట్లో ఊరికే వుంటుంది." ఆ 'ఊరికే' చెవిన పడ్డప్పుడల్లా మనకు ఒళ్ళు మండుతుంది. ఎడిటింగు గదిలో రాత్రులు కూచున్న పిల్లకు, కుట్టుమిషను మీద వేషాలు కుట్టిన ఆమెకు, నాలుగు నెలలు పాటలు కట్టిన కుర్రవాడికి కూడా మండదూ?

నా సంగతి కూడా ఒకటి విన్నవిస్తాను, నవ్వుకోండి. మొన్న ఒక పెళ్ళిలో ఓ ఆవిడ నన్ను గుర్తుపట్టి రెండు చేతులూ పట్టుకుంది. "మీ నవల మా గ్రూపులో పీడీఎఫ్ వచ్చింది వదినా, ఎంత బాగుందో! నేను ఇంకో ముప్పయి మందికి పంపాను" అంది. కళ్ళలో నీళ్ళు కూడా పెట్టుకుంది, అబద్ధం చెప్పను. ఆ నవల అచ్చువేసిన కాపీలు అయిదు వందలు. రెండు వందలు ఇంకా మా మంచం కిందే వున్నాయి. రెండేళ్ళు రాశానమ్మా అన్నాను. "అందుకే అంత బాగొచ్చింది" అంది. ఆవిడ మీద కోపం రావడం లేదు, అదే నా బాధ. అంత ప్రేమగా చదివిన మనిషిని ఏమని కోప్పడేది?

'బలగం' విషయంలో మాత్రం నేను కొంచెం జారుతాను. 2023 మార్చి 3న విడుదలై ఆ నెలలోనే ప్రైమ్‌లోకి వచ్చింది. ఆ వెంటనే తెలంగాణలో ఊరూరా పంచాయతీ ముందు తెర కట్టి, ఊరందరూ కూచుని చూశారు. నిర్మాతల తరఫున నిజామాబాదు పోలీసులకు ఫిర్యాదు వెళ్ళింది. చట్టం నిర్మాత వైపే వుంది. కానీ ఒంటరిగా దుప్పట్లో ఫోను చూడటం వేరు, మాటల్లేని అన్నదమ్ములు ఒకే చాప మీద కూచుని చూడటం వేరు. చివర్లో బుడగజంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య పాడుతుంటే ఊళ్ళకు ఊళ్ళే ఏడ్చాయి. ఆ మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశాడు. తలా పది రూపాయలు వేసి, నిర్మాతకు చెప్పి, సొమ్ము పంపి ఆడించుకుని వుంటే ఎవరికీ నష్టం వుండేది కాదు. పల్లెకు ఆ దారి చూపించే బాధ్యత సినిమా వాళ్ళది కూడా.

ఆ సినిమా మీద నా ఫిర్యాదు వేరే వుంది. విందులో నల్లి బొక్క దగ్గర బావా బామ్మర్దులకు పంతం వచ్చింది, సరే. దానికి ఇరవై ఏళ్ళు పుట్టింటి గడప తొక్కకుండా వుండిపోయింది ఆడపడుచు లక్ష్మి. బొక్క తినేదీ మగవాళ్ళే, అలిగేదీ వాళ్ళే. శిక్ష మటుకు ఆమెకు. ఆఖరికి అందరూ కలిశారని మనం కళ్ళు తుడుచుకున్నాం గానీ, ఆ ఇరవై ఏళ్ళ సంజాయిషీ ఆమెకు ఎవరిచ్చారు? కాకి ముట్టిందా లేదా అని చూసిన కళ్ళతో దీన్ని కూడా చూడవలసింది.

ఇంతకీ డబ్బు కట్టకుండా చూడటానికి న్యాయమైన దారులు లేవా అంటే, వున్నాయి. దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ వుంది. గొడుగుకూ పెట్టెకూ ఒక్కసారి పెడితే నెలనెలా కట్టేది లేదు. ప్రసారభారతి 2024 నవంబరులో 'వేవ్స్' అని యాప్ పెట్టింది. పాత సినిమాలు బోలెడన్ని, హక్కులు కొనుక్కున్న కంపెనీలే యూట్యూబులో పెట్టాయి. మధ్యలో సబ్బు ప్రకటన చూడటమే మన టికెట్టు.

కొత్తవాటి కోసం మా వీధిలో నలుగురం చిట్టీ వేసుకున్నాం. నెలకు ఒకరింట్లో ఒక యాపు, ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లోనే అందరం. మగవాళ్ళు రావచ్చు గానీ రిమోటు ముట్టకూడదు. అవ్వ కూడా కొంగు ముడి విప్పి తన వాటా లెక్కపెట్టి ఇచ్చింది. మొదట ఏది వేద్దామని పెద్ద తగువు. నేను 'మల్లేశం' వెతుకుదామన్నాను, ఈసారి నూలు కనిపించేలా. అవ్వ తల అడ్డంగా వూపింది.

"ఆసు నేను బతుకంత జూసిన. రామారావుది పాతది బెట్టు బిడ్డా."

"అది యూట్యూబులోనే వుందవ్వా, పైసలక్కర్లేదు."

"గట్లనా?" అని అవ్వ నా చేతిలోని నోట్ల వంక చూసింది. "మరి నావి నాకియ్యి."