భయమంత్రాలయము: నవలయుఁ జలనచిత్రమును

ప్రసిద్ధమగు కథను గ్రహించి వేఱొక రూపమున రచించువాఁడు దానిని యథాతథముగ నిలుపవలెనని మన లక్షణకర్తలు విధింపలేదు. నాయకునకుఁ గాని రసమునకుఁ గాని యనుచితమైన యంశమును విడుచుటకును, మార్చి కల్పించుటకును దశరూపకమున ధనంజయుఁడు సమ్మతించియున్నాఁడు. కాఁబట్టి మూలమును మార్చుట దోషము గాదు. ఆ మార్పు దేనిని రక్షింపఁబూనినది, దేనిని గోలుపోయినది యనునదియే విచారింపఁదగినది. ఈ దృష్టితోఁ బరిశీలింపఁదగినవి గ్రాహం గ్రీన్ రచించిన ‘ది మినిస్ట్రీ ఆఫ్ ఫియర్’ అను నాంగ్లనవలయు, దాని ననుసరించి ఫ్రిట్జ్ లాంగ్ దర్శకత్వమున 1944లో హాలీవుడ్డునందుఁ దయారైన చలనచిత్రమును. ఈ పేరును ‘భయమంత్రాలయ’ మని తెనిఁగింపవచ్చును.

నవల 1943లోఁ బ్రకటితమయ్యెను. గ్రీన్ బ్రిటిషు గూఢచారశాఖయం దుద్యోగిగఁ బశ్చిమాఫ్రికాలోని సియెరా లియోనున నున్న కాలమున దీనిని రచించెను. కథాస్థలము మాత్రము జర్మను విమానములు బాంబులు గురియుచున్న లండను నగరము. నాయకుఁడు ఆర్థర్ రో యనువాఁడు. ధర్మార్థమై నడపఁబడు నొక సంతకు నతఁడు పోఁగా, నచట సోదె చెప్పు స్త్రీ పొరపాటున నతనిని దమవానిఁగా నెంచి, పందెముగ నుంచిన కేకు బరువును రహస్యముగఁ దెలుపును. ఆ బరువు చెప్పి యతఁడు కేకును గెలుచుకొనును. అందు శత్రువులకుఁ జేరవలసిన రహస్యపత్రముల సూక్ష్మచ్ఛాయాచిత్రము దాఁగియున్నది. దానికై వారు రోను వెంటాడుదురు. ఈ కథాబీజమున నవలకును జిత్రమునకును బెద్ద భేదము లేదు.

భేదము నాయకుని పూర్వవృత్తాంతమునఁ గలదు. నవలలో రో తన భార్యను జంపినవాఁడు. తీఱని వ్యాధిచే బాధపడుచున్న యామెను జూచి యోర్వలేక పాలలో విషము గలిపి యిచ్చెను. న్యాయస్థాన మతనియెడ దయ చూపినది. అతని యంతరాత్మ చూపలేదు. ఆమె బాధను దొలఁగించుటకుఁ జంపితినా, ఆ బాధను జూడలేని తన బాధను దొలఁగించుకొనుటకుఁ జంపితినా యను ప్రశ్న యతనిని విడువదు. శత్రువులు పంపినవాఁడు తేనీటిలో విషము గలిపినపుడు రో దానిని రుచిచేతనే గుర్తించును. అది యతఁడు భార్యకిచ్చిన విషమే. ఇట్లు గూఢచారికథ యంతయు నాయకుని పాపమను సూత్రముపైఁ గూర్పఁబడినది.

చిత్రమున నాయకుని పేరు స్టీఫెన్ నీల్. ఆ పాత్రను రే మిలాండ్ ధరించెను. నీల్ భార్యకొఱకు విషము గొనెను గాని యీయలేకపోయెను. ఆమెయే దానిని గనుఁగొని త్రాగెను. నిజమున కతఁడు నిరపరాధి. రెండేండ్లు పిచ్చియాసుపత్రిలో గడపి వెలువడుటతోఁ గథ యారంభమగును. హాలీవుడ్ నీతినియమావళి 1934 నుండి కట్టుదిట్టముగ నమలు జరుగుచుండిన యా దినములలో, భార్యను జంపినవాఁడు తుదకు సుఖించినట్లు చూపుట సులభము గాదు. కథనమును గూర్చినవాఁడును నిర్మాతయు నగు సీటన్ మిల్లర్ నాయకుని దోషమును మొదటనే కడిగివైచెను.

ఈ యొక్క మార్పు మఱియొక మార్పునకు దారితీసినది. నవల నాలుగు భాగములుగ నున్నది. మొదటిది దుఃఖితుని కథ, రెండవది సుఖితుని కథ. మొదటి భాగాంతమున బాంబు ప్రేలి రో స్మృతిని గోలుపోవును. డాక్టరు ఫారెస్టరు చికిత్సాలయమున డిగ్బీ యను పేరుతో మేల్కొనును. బాల్యము జ్ఞప్తియందున్నది, భార్యమరణము లేదు. పాపమును మఱచుటచేతనే యతఁడు సుఖి. కాని యా సుఖము శత్రువుల యింట లభించిన సుఖము. స్మృతి సంపూర్ణముగ మరలినఁగాని యతఁడు పూర్ణపురుషుఁడు గాఁడని తుదిభాగము నిరూపించును. చిత్రమున ఫారెస్టరు కలఁడు గాని చికిత్సాలయము లేదు, విస్మృతి లేదు. దోషమే లేనివానికి మఱపుతోఁ బనియేమి?

ఇచట శాకుంతలము స్మరింపఁదగును. భారతమున దుష్యంతుఁడు శకుంతల నెఱిఁగియు నెఱుఁగనని పల్కును. కాళిదాసు దుర్వాసశాపమును గల్పించి, యా యనృతమును మఱపుగ మార్చెను. నాయకుని దోషము తగ్గినది, పశ్చాత్తాపము తగ్గలేదు. ఉంగరము దొరకినపిదప రాజు పొందిన వేదనతో నాఱవ యంకము నిండియున్నది. అనఁగాఁ గాళిదాసు నాయకుని రక్షించుచునే రసమును బోషించెను. మిల్లరో, దోషమును మఱపును బశ్చాత్తాపమును మూఁటిని నొక్కమాఱే త్రోసివైచెను. ధనంజయుఁడు నాయకునితోఁబాటు రసమును గూడఁ బేర్కొనియున్నాఁడు. ఈ చిత్రమున నాయకునికై చేసిన మార్పు రసమునకు హాని గావించినది.

ఆ హాని కథాంతమున స్పష్టమగును. నవలలో శత్రుపక్షమునకు ముఖ్యుఁడగు విల్లీ హిల్ఫే నాయిక యగు అన్నాకు సోదరుఁడు. ఇరువురును ఆస్ట్రియానుండి వచ్చిన శరణార్థులు. విల్లీ దయ యెఱుఁగనివాఁడు. దయచేతఁ జంపినవానికిని, దయలేక చంపువానికిని గల యెదురుపాటే నవలకుఁ బ్రాణము. విల్లీ రైలుస్టేషనునఁ దన్నుఁ దాను గాల్చుకొనుటకు ముందు, రో మఱచిన భార్యావధను బయల్పఱచును. రో యా యెఱుకను అన్నానుండి దాఁచును; ఆమెయు నతఁడు సుఖముగ నుండవలెనని యా సంగతినే దాఁచుచున్నది. ఒకరికి బాధ గలుగునని యొకరు జీవితాంతము భయపడవలసినదే. భయమంత్రాలయమనునది శత్రువుల కుట్రకు మాత్రమే పేరు గాదు, ప్రేమించినవారును దానికి లోఁబడినవారే యని యిచటి ధ్వని.

చిత్రమున నాయిక పేరు కార్లా. ఆమె తన సోదరుని స్వయముగఁ గాల్చి చంపును. పిమ్మట నాయికానాయకులు సముద్రతీరమునఁ గారులోఁ బోవుచు వివాహపు కేకును గూర్చి పరిహాసమాడుదురు. పేరు మిగిలినది గాని దాని యర్థము మిగులలేదు.

ఐనను లాంగ్ ప్రతిభను గొనియాడక తప్పదు. చీఁకటిగదిలో నాడుచున్న గడియారమును జూచుచు విడుదలకై వేచియున్న నాయకునితోఁ జిత్రము ప్రారంభమగును. రైలుపెట్టెలో గ్రుడ్డివానివలె నటించువాఁడు కేకును బొడిపొడిగఁ జిదుపుట చిత్రకారుల కల్పన. మాట లేకయే భయము పుట్టించును. దర్జీదుకాణమునఁ బెద్దకత్తెరతో టెలిఫోను త్రిప్పు ఘట్టమును, కార్లా ప్రేల్చిన గుండు మూసిన తలుపునఁ జేసిన రంధ్రమునుండి చీఁకటిలోనికి వెలుఁగు ప్రసరించు ఘట్టమును మఱపురానివి. కథనపత్రము తనకు నచ్చకున్నను ఒడంబడికచేఁ గట్టుపడి యీ చిత్రమును దీసితినని లాంగ్ పిదపఁ జెప్పియుండెను. దృశ్యములయందలి శక్తికిని గథయందలి బలహీనతకును గల యంతర మీ మాటను సమర్థించుచున్నది.

కావున నీ చిత్రమును నేర్పుగఁ దీసిన సాహసకథగఁ బరిగణింపఁదగును గాని, గ్రీన్ నవలకుఁ బ్రతినిధిగ గ్రహింపరాదు. చిత్రమును మాత్రమే చూచినవారు కేకులో దాఁగిన రహస్య మేమియో తెలిసికొందురు. ఆర్థర్ రో హృదయమున దాఁగిన రహస్యమును దెలిసికొనుటకు నవలను జదువవలసియున్నది.